పద్నాలుగో నిమిషం

మధ్యాహ్నం పన్నెండింటికి చిన్నోణ్ణి కోర్టుకు తీసుకెళ్తారు. టీచరమ్మ షెడ్డు గేటు దగ్గరికి చేరేసరికి పది దాటి రెండు నిమిషాలైంది. గేటుకు అడ్డంగా పోలీసులు కట్టిన టేపు కింద నుంచి దూరబోతుంటే నడుము పట్టేసింది. ఆమె అలా సగం వంగి ఉండగానే ఇన్‌స్పెక్టర్ పలకరించాడు.

"రండి మేడమ్. అప్పుడే నేలమీద ఆధారాలు వెతుకుతున్నారా?"

"మీరు రెండు రోజులు వెతికారు కదా. నాకేమైనా మిగిల్చారేమో చూస్తున్నాను."

"మిగలటానికేముంది? పోయినవాడికి కరెంటు చూసే మీటరిచ్చింది వాడి తమ్ముడు. ఆ మీటరు వైరు లోపల తెగిపోయి ఉంది. తెగిన వైరుతో చూస్తే సున్నా చూపించింది. కరెంటు లేదనుకుని బ్యాటరీలో చేతులు పెట్టాడు, పోయాడు. 'వైరు తెగిందని నాకు ముందే తెలుసు, అయినా చెప్పలేదు' అని తమ్ముడు సంతకం పెట్టాడు. ఇంకేం కావాలి మీకు?"

పెద్దోడు, చిన్నోడు అన్నవి వాళ్ళమ్మ పెట్టుకున్న పిలుపులు. వీధి వీధంతా వాళ్ళని అలాగే పిలిచేది. పెట్రోలుతోనూ పెద్ద బ్యాటరీతోనూ నడిచే కార్లకు అన్నదమ్ములిద్దరూ ఈ షెడ్డులో కరెంటు పని చేసేవారు. షెడ్డు వెనకే ఇల్లు. నిన్న సాయంత్రం ఆ తల్లి టీచరమ్మ ఇంటికి వచ్చింది. కుర్చీ చూపించినా కూర్చోలేదు. "ఒకణ్ణి పోగొట్టుకున్నాను. రెండోవాణ్ణయినా ఇంటికి తీసుకురా తల్లీ. కోడలేమో వీడే చంపాడంటోంది. వీడేమో అవునంటున్నాడు. నేనెవరి మాట నమ్మాలి?" అంది. ఏడవలేదు. ఏడుపు ఎప్పుడో అయిపోయిన ముఖం అది.

టీచరమ్మ ఇరవై ఏళ్ళు ట్రైనింగ్ స్కూల్లో కార్ల కరెంటు పని నేర్పింది. స్కూలు మూసేశాక ప్రైవేటు డిటెక్టివ్ అయింది. వర్క్‌షాపుల్లో, ఫ్యాక్టరీల్లో మనుషులు పోతే తప్పెవరిదో తేల్చటం ఆమె పని. అన్నదమ్ములిద్దరూ ఆమె దగ్గరే నేర్చుకున్నారు. పెద్దోడి చేతికి మొదటిసారి మీటరిచ్చింది తనే. తను నేర్పినదాంట్లో ఏ మాట వాణ్ణి చంపిందా అని రెండు రోజులుగా మనసు తొలిచేస్తోంది.

"వాడు తెగిన వైరు చేతిలో మోసపోయే మనిషి కాడు," అంది. "ముందు మామూలు పన్నెండు వోల్టుల బ్యాటరీ మీద మీటరు పెట్టి చూస్తాడు. అక్కడ సరిగ్గా చూపిస్తేనే పెద్ద బ్యాటరీ దగ్గరికి వెళ్తాడు. వైరు తెగి ఉంటే అక్కడే తెలిసిపోయేది."

"రోజూ చేసే పని మనిషి ఒకరోజు మానేస్తాడు మేడమ్. నేను రోజూ పళ్ళు తోముకుంటాను. ఇవాళ హడావుడిలో మానేశాను."

"అది ఇక్కడిదాకా తెలుస్తోంది."

పక్కనున్న కానిస్టేబుల్ నవ్వబోయి దగ్గాడు. ఇన్‌స్పెక్టర్ అతని వైపొకసారి చూశాడు.

"సరే, ఇది చెప్పండి," అంది టీచరమ్మ. "ప్లగ్గు ఎక్కడ దొరికింది?"

"వాడి కోటు జేబులో."

పెద్ద బ్యాటరీకి నడిమధ్యన పిడికిలంత నారింజ రంగు ప్లగ్గు ఉంటుంది. కారు వెనక సీటు దగ్గర చిన్న మూత తెరిచి దాన్ని పీకేస్తే బ్యాటరీ రెండు ముక్కలైనట్టే. ఇక రెండు చివర్లూ పట్టుకున్నా ఏమీ కాదు. పీకినవాడు దాన్ని తన జేబులోనే పెట్టుకోవాలి, పని అయ్యేదాకా ఇంకొకరి చేతికి ఇవ్వకూడదు. ఇది టీచరమ్మ మొదటి రోజు మొదటి గంటలో చెప్పే పాఠం.

"ప్లగ్గు వాడి జేబులో ఉంటే ఆ చివర్ల మధ్య కరెంటే లేదు. అప్పుడు మీటరు మంచిదైనా ఒకటే, చెడ్డదైనా ఒకటే."

"కరెంటు తగిలే పోయాడని డాక్టరు రాశాడు. రెండు అరచేతులూ కాలాయి. మరి అది ఆకాశం నుంచి దిగిందా?"

"నేనూ అదే అడుగుతున్నాను."

షెడ్డుకూ ఇంటికీ మధ్య ఒకటే తలుపు. పెద్దోడి భార్య వంటగది బల్ల ముందు కూర్చుని ఉతికిన బట్టలు మడత పెడుతోంది. అన్నీ పెద్దోడి పని చొక్కాలే. గ్రీజు మరకలు పూర్తిగా పోలేదు. ఒక చొక్కా మడిచి, విప్పి, మళ్ళీ మడిచింది.

"మొన్న పొద్దుట నుంచి చెప్పమ్మా. ఏది ఎన్నింటికో కూడా చెప్పు."

"ఎన్నిసార్లు చెప్పాలి టీచరమ్మా?" అంది కానీ చెప్పింది. "ఎనిమిదింటికి ఇద్దరూ షెడ్డులోకి వెళ్ళారు. రెండు బళ్ళున్నాయి, ఒకే కంపెనీ టాక్సీలు. ఒకటో పని గుంట మీదిది ముందురోజే అయిపోయింది. రెండో గుంట మీదిదాని పని పట్టాలి. పదింటికి పాపకి వాంతి అయింది. కడిగి పడుకోబెట్టి పొయ్యి వెలిగించాను. పదకొండూ ఇరవైకి టాక్సీ వాళ్ళు ఫోన్ చేశారు, వస్తున్నాం, బండి రెడీగా పెట్టమని. వెళ్ళి రెడీ చేసి వచ్చాను. కూరలో ఉప్పు వేశానా లేదా అని ఆలోచిస్తున్నాను. అప్పుడే చిన్నోడి కేక."

"రెడీ చేయటమంటే?"

"అయిపోయిన బండి ప్లగ్గు నా దగ్గరుంటుంది కదా, అదిగో ఆ బీరువాలో, కొక్కేనికి. ఎవరూ తొందరపడి బండి తీయకుండా. ఇచ్చేముందు నేనే పెడతాను. అద్దాలు తుడుస్తాను. కాపురానికి వచ్చినప్పటినుంచీ ఆ పని నాదే."

"అప్పుడు పెద్దోడు కనిపించాడా?"

"రెండో గుంటలో ఉన్నాడు. కంప్రెసర్ మోగుతోంది. పిలవలేదు." చొక్కా మీద చేయి ఆగింది. "పిలిస్తే ఒక మాట మాట్లాడేవాడేమో."

"పెద్దోడు పడిపోయాక నువ్వు మొదట చూసింది ఎక్కడ?"

"గేటు దగ్గర. చిన్నోడు అక్కడికి ఈడ్చుకొచ్చి గుండె మీద నొక్కుతున్నాడు. ఆ తర్వాత నేనా షెడ్డులో అడుగు పెట్టలేదు." ఆమె తలెత్తింది. "ఐదేళ్ళు వండిపెట్టాను టీచరమ్మా వాడికి. జ్వరమొస్తే నుదుటి మీద తడిగుడ్డ వేశాను. వైరు తెగిందని తెలిసీ అన్న చేతికిచ్చాడు. వాణ్ణి ఉరి తీసినా నా కంట చుక్క రాదు."

టీచరమ్మ షెడ్డులోకి వచ్చేసరికి పదింబావు.

నేలలో రెండు గుంటలు. మనిషి మెట్లు దిగి, పైన నిలిపిన కారు అడుగున నిలబడి పని చేసుకోవచ్చు. అంచుల మీద ఒకటి, రెండు అని పసుపు రంగుతో రాసి ఉంది. రెండిటి మీదా రెండు తెల్ల టాక్సీలు. నంబరు పలక తప్ప తేడా లేదు.

ఆమె నిలబడిపోయింది. అడుగు రేకు విప్పి, వైర్లు వేలాడుతున్న కారు ఒకటో గుంట మీద ఉంది.

"ఇన్‌స్పెక్టర్ గారూ, కార్లు జరిపారా?"

"మొన్నటి నుంచి గోరంత కూడా కదపలేదు. ఎందుకు?"

ఆమె ఉంగరం, గడియారం తీసి సంచిలో వేసింది. మందపాటి రబ్బరు చేతి తొడుగు అంచు చుట్టి, లోపల గాలి బిగించి, చెంప దగ్గర పెట్టుకుంది. చిల్లుంటే గాలి చెంపకు తగులుతుంది.

"బుడగలు ఊదుతున్నారా? పుట్టినరోజా?"

"వచ్చే పుట్టినరోజు దాకా ఉండటానికి."

వెనక తలుపు తీసి చూసింది. ప్లగ్గు ఉండాల్సిన చోట ఖాళీ. గుంటలోకి దిగింది. బ్యాటరీ రెండు చివర్లూ తెరిచి ఉన్నాయి, ఒకదాని నట్టు సగం ఊడి ఉంది. చేతి తొడుగులు మెట్టు మీద పద్ధతిగా ఒకదానిమీద ఒకటి పెట్టి ఉన్నాయి. అంటే మీటరు సున్నా చూపించాక, నట్టు చిన్నది కనుక, తొడుగులు తీసి వట్టి చేతులతో పట్టుకున్నాడు. తప్పేమీ చేయలేదు. ఒక్కటి కూడా.

పైకి వచ్చేసరికి ఇన్‌స్పెక్టర్ సంచిలోంచి ప్లాస్టిక్ కవరు తీసి ఊపుతున్నాడు. అందులో మీటరు. "ఇదే మీ శిష్యుడి ప్రాణం తీసింది. అరె, ఇది ఇంకా వెలుగుతోందే! బ్యాటరీ దండగ." కవరు మీద నుంచే గుండ్రటి స్విచ్చి తిప్పబోయాడు.

"ముట్టుకోకండి!"

కానిస్టేబుల్ కూడా ఉలిక్కిపడ్డాడు. టీచరమ్మ కవరు లాక్కున్నంత పని చేసింది. తెర మీద బ్యాటరీ బొమ్మ కొట్టుకుంటోంది. ఏ నిమిషానైనా ఆరిపోతుంది. దాని పక్కన గంటలూ నిమిషాలూ నడుస్తున్నాయి. నలభై ఏడు, పన్నెండు.

"ఇది రికార్డు చేస్తోంది. క్లిప్పులు తగిలించి ఈ బటన్ నొక్కి వదిలేస్తే, చూసిన వోల్టేజీల్లో పెద్దదేదో, ఎన్నో నిమిషంలో చూసిందో గుర్తుపెట్టుకుంటుంది. ఆపితే అంతా పోతుంది. టైమెంతైంది?"

"పదీ ఇరవై," అన్నాడు కానిస్టేబుల్.

"నలభై ఏడు గంటల పన్నెండు నిమిషాలు వెనక్కి వెళ్ళండి."

కానిస్టేబుల్ వేళ్ళు మడిచాడు. "మొన్న పదకొండూ ఎనిమిది."

"ఆ నిమిషంలో పెద్దోడు క్లిప్పులు తగిలించి దీన్ని మొదలుపెట్టాడు. ఇప్పుడు చూడండి." కవరు మీద నుంచి బటన్ నొక్కింది. రెండు వందల పద్నాలుగు వోల్టులు. కింద చిన్న అంకెలు: సున్నా గంటల పద్నాలుగు నిమిషాలు.

"పదకొండూ ఇరవై రెండుకి ఆ చివర్ల మధ్యకి కరెంటు వచ్చింది. మీటరు దాన్ని చూసింది. వైరు తెగి ఉంటే ఎలా చూస్తుంది? పెద్దోడు పోయేటప్పటికి వైరు బాగానే ఉంది. తర్వాత ఎవరో తెంచారు."

ఇన్‌స్పెక్టర్ తెరను రెండుసార్లు చూశాడు. ఆయన మొహంలో నవ్వు పోయింది. దాని స్థానంలో ఇంకేదో వచ్చింది. అది చూడగానే టీచరమ్మకు తను చేసిందేమిటో అర్థమైంది.

"తర్వాత," అన్నాడు ఆయన నెమ్మదిగా. "మేమొచ్చింది పదకొండూ యాభైకి. అంతవరకూ ఇక్కడున్నది తమ్ముడు. వైరు తెంచింది వాడే. ఎందుకు? ప్రమాదంలా కనబడాలని. అంటే వాడే ఇంకో ప్లగ్గు తెచ్చి పెట్టి చంపాడు. మేడమ్, నేను నిర్లక్ష్యం అని రాశాను. మీరు దాన్ని హత్య చేసిపెట్టారు. చాలా థాంక్స్."

ఆయన కాగితాలు మార్చటానికి జీపు వైపు వెళ్ళాడు. టీచరమ్మ రెండో గుంట దగ్గరికి నడిచింది. ఇంకో ప్లగ్గు. ఈ షెడ్డులో ఉన్నది ఇంకొక్కటే. అయిపోయిన కారు వెనక తలుపు తీసింది. ప్లగ్గు ఉంది కానీ దాని మీద ఉండే మీట పైకెత్తి వదిలేశారు, పక్కకి తోసి లాకు వేయలేదు. కంగారులో తొందరగా పెట్టిన పని.

గుంటలోకి తొంగి చూసింది. అంతా చీకటి. లోపలి ట్యూబులైటు రెండు చివర్లూ నల్లబడి ఉంది. గోడకి ఆనించి కొత్త ట్యూబులైటు, అట్ట తొడుగు కూడా విప్పలేదు. తొడుగులో దుకాణం చీటీ. దాని మీద అచ్చు వేసిన టైము: పదకొండూ పంతొమ్మిది. దుకాణం నుంచి ఇక్కడికి ఐదారు నిమిషాల నడక.

చిన్నోడు నిర్దోషి. దానికి ఆధారం ఆమె చేతిలో ఉంది. కానీ ఆ ఇంకో ప్లగ్గు ఉండేది పెద్దోడి భార్య బీరువాలో.

కోర్టుకు వెళ్ళేముందు జరిగిందంతా చూపించటానికి పోలీసులు తీసుకొచ్చిన చిన్నోడు షెడ్డు మూల ఉన్న చిన్న ఆఫీసు గదిలో బెంచీ మీద కూర్చున్నాడు. బేడీలున్నాయి. టీచరమ్మ తలుపు దగ్గరగా వేసింది.

"వైరు ఎప్పుడు తెంచావురా?"

"ముందే తెగి ఉంది."

"ఇరవై రెండు దాకా తెగలేదు, మీటరు చెప్పింది. పంతొమ్మిదికి నువ్వు ట్యూబులైటు కొంటున్నావు, చీటీ చెప్పింది. ఇంక నువ్వు చెప్పు. వచ్చి ఏం చూశావు?"

వాడు బేడీల చేతులు జోడించాడు. "టీచరమ్మా, మీకు దణ్ణం పెడతాను. ఇక్కడితో వదిలేయండి."

"కార్లు ఎప్పుడు మార్చారు?"

ఆ మాటతో వాడి భుజాలు దిగిపోయాయి. "పదిన్నరకి. రెండో గుంటలో లైటు పోయింది. చీకట్లో ఎందుకు, దీన్ని ఒకటోదాని మీదికి తోద్దాం అన్నది నేనే. ఇద్దరం తోసి మార్చాం. వదిన లోపల పాపతో ఉంది. ఆవిడకి చెప్పాలని అన్నకీ తట్టలేదు, నాకూ తట్టలేదు. నేను వచ్చేసరికి ప్లగ్గు పెట్టి ఉంది. మీట పైకెత్తి, పక్కకి తోసి, చక్కగా లాకు వేసి ఉంది. అంత శ్రద్ధగా వేసేది వదినొక్కతే."

"నువ్వు దాన్ని పీకావు."

"పీకి అన్నని పైకి లాగాను. వదిన వచ్చింది. అంబులెన్సు కోసం రోడ్డు మీదికి పరిగెత్తింది. అప్పటికే అన్న లేడు. అప్పుడు ప్లగ్గు ఆ కారులో పెట్టేశాను. వైరు వంచి వంచి తెంచాను."

"ఎందుకురా నాయనా?"

"ఎందుకంటారేంటి? తన చేత్తో చేసిందని తెలిస్తే వదిన బతుకుతుందా? పాపకి నాన్న పోయాడు. అమ్మని కూడా తీసెయ్యమంటారా? ఇప్పుడు నన్ను తిట్టుకుంటోంది. తిట్టుకోనివ్వండి. తిట్టుకోటానికి ఒకడుంటే పొద్దున్నే లేస్తుంది, పాపకి ఇంత పెడుతుంది."

"ఆయన హత్య అని రాస్తున్నాడు. ఎన్నేళ్ళో తెలుసా? మీ అమ్మ నన్నేం అడిగిందో తెలుసా?"

"అమ్మ జైలుకొచ్చి నన్ను చూసుకుంటుంది. బతికే ఉంటాను కదా." వాడు నవ్వటానికి ప్రయత్నించాడు. "మీ క్లాసులో నాకెప్పుడూ పాస్ మార్కులు రాలేదు టీచరమ్మా. ఇదొక్కటి పాస్ చేసెయ్యండి."

మనుషులు పోకుండా ఉండాలనే ఆ పాఠాలన్నీ చెప్పింది. జేబులో ప్లగ్గు ఉంటే చాలు, నీ ప్రాణం నీ దగ్గరే ఉన్నట్టు అని చెప్పింది. అలాంటి ప్లగ్గు పక్క బండికీ ఉంటుందని ఎన్నడూ చెప్పలేదు. ఇప్పుడు ఈ చీటీ బయటపెడితే ఒక తల్లికి కొడుకు దక్కుతాడు, అదే ఇంట్లో ఇంకొక మనిషి కూలిపోతుంది. లోపల దాచుకుంటే ఏ తప్పూ చేయనివాడు హంతకుడవుతాడు. ఎటు చూసినా దారి లేదు.

పదకొండూ నలభైకి ఇన్‌స్పెక్టర్ తలుపు తోసుకుని వచ్చాడు. "లే. కాగితాలు రెడీ. మేడమ్ పుణ్యమా అని ఇప్పుడు గట్టి కేసు. పదకొండూ ఇరవై రెండుకి ప్లగ్గు పెట్టావు, మీటరు సాక్ష్యం."

"అవును సార్," అన్నాడు చిన్నోడు వెంటనే. "నేనే పెట్టాను."

"ఇరవై రెండా?"

అది పెద్దోడి భార్య గొంతు. మరిదిని తీసుకెళ్ళేముందు ముఖం మీదే నాలుగు మాటలు అనాలని వచ్చినట్టుంది. ఇంటి తలుపు దగ్గర నిలబడి ఉంది. "ఇరవైకే కదా నాకు ఫోనొచ్చింది. అప్పుడు షెడ్డులో నేనున్నాను. వీడు లేడే?"

"ఉన్నాను వదినా. నువ్వు చూడలేదు. నువ్వు లోపలికెళ్ళు."

రెండు రోజుల తర్వాత ఆమె మరిది ముఖంలోకి మొదటిసారి చూసింది. అక్కడ ఏం కనిపించిందో గానీ, కోపంగా వచ్చిన మనిషి కోపం మరిచిపోయింది. "ఆయన ఏ గుంటలో ఉన్నాడు?"

"రెండో గుంట," అన్నాడు చిన్నోడు, దాదాపు అరిచినట్టు.

"ఒకటో గుంటేగా," అన్నాడు ఇన్‌స్పెక్టర్ కాగితం చూస్తూ.

"సార్‌కి తెలీదు వదినా! నా మాట విను..."

ఆమె టీచరమ్మ వైపు తిరిగింది. "మీరు చెప్పండి. మీరు నాకు అబద్ధం చెప్పరు."

టీచరమ్మ నోరు తెరిచింది. రెండో గుంట అని చెబుదామనుకుంది. నిజంగానే అనుకుంది. కానీ ఆ కళ్ళు ఆమె జవాబు కోసం ఆగటం లేదు. అప్పటికే లెక్క పూర్తి చేసుకుంటున్నాయి.

"ఒకటో గుంటమ్మా," అంది.

చిన్నోడు బేడీల చేతుల్లో ముఖం దాచుకున్నాడు. పెద్దోడి భార్య షెడ్డులోకి నడిచింది. ఒకటో గుంట దగ్గర ఆగి, కారు నంబరు పలక చదివింది. రెండోదాని దగ్గరికి వెళ్ళి అదీ చదివింది. తిరిగి వచ్చి, ఇన్‌స్పెక్టర్ ఎదురుగా ఉన్న స్టూలు మీద కూర్చుని, చేతులు ఒడిలో పెట్టుకుంది.

"వాడి కాగితం చింపేయండి. కొత్తది తీసుకుని రాసుకోండి."

ఇన్‌స్పెక్టర్ ఏదో అనబోయి, టీచరమ్మ ముఖం చూసి, పెన్ను తీశాడు.

"పదకొండూ ఇరవైకి ఫోనొచ్చింది. బీరువాలోంచి ప్లగ్గు తీసుకున్నాను. ఒకటో గుంట మీది బండి వెనక తలుపు తీశాను. ప్లగ్గు పెట్టి, మీట పైకెత్తి, పక్కకి తోసి లాకు వేశాను." ఆమె గొంతు ఎక్కడా తడబడలేదు, పాపకి పాఠం చెబుతున్నట్టే ఉంది. "అద్దం తుడవబోతుంటే కింద దబ్బుమని చప్పుడైంది."

పెన్ను ఆగిపోయింది.

"రాయండి. పక్క గుంటలో సామాను ఏదో జారిపడింది అనుకున్నాను. 'మెల్లగా, పాప నిద్రపోతోంది' అని కసిరి వెళ్ళిపోయాను."